రాయనిగుట్ట మహల్లో ఇద్దరు బావలు

కోనరావుపేట బక్కయ్యకు జ్వరమొస్తే రెండు రోజుల్లో తగ్గేది. నడుము పట్టేస్తే భార్య లక్ష్మవ్వ నువ్వుల నూనె రాసి నాలుగు తిట్లు తిడితే తగ్గేది. బావ జాన్ మీది కుళ్లు మాత్రం ఏ మందుకూ తగ్గలేదు. ఆ సంగతి వాడంతటికీ తెలుసు. తెలియనట్టు తిరిగేవాడు జాన్ ఒక్కడే.

బక్కయ్య కూలి మనిషి. తాత కాలం నుంచీ ఆ ఇంట్లో ఎవరికీ గుంటెడు భూమి లేదు. పొలాల పనులున్నప్పుడు గట్లు చెక్కేవాడు, మోపులు మోసేవాడు. లేనప్పుడు సిరిసిల్ల పోయి లారీల్లో బస్తాలు ఎత్తేవాడు. ఎక్కడికి పోయినా ఎవరో ఒకరు ఆయన మీద కేకలేసేవాళ్లే. కానీ దప్పు చంకకు తగిలించుకుంటే మనిషి వేరు. చావైనా, పెళ్లైనా, ఎల్లమ్మ బోనమైనా ముందు దప్పు ఆయనదే. ముందు దప్పు అంటే దరువు ఎత్తుకునేవాడు. మిగతావాళ్లు ఆయన చెయ్యి చూసి కొట్టాలి, ఆయన ఆపితే ఆపాలి. ఈ భూమ్మీద బక్కయ్య మాట చెల్లే జాగా అదొక్కటే. ఇంట్లో కూడా చెల్లేది కాదు, లక్ష్మవ్వను అడగండి.

జాన్ ఆయన చెల్లెలు సాయమ్మ మొగుడు. సిరిసిల్లవాడు, సుతారి, అంటే ఇళ్లు కట్టే పని చేస్తాడు. పెళ్లయ్యాక అత్తగారి ఊళ్లోనే ఉండిపోయాడు. అది మొదటి మంట. తన ఇల్లు తానే కట్టుకుని, పైన ఏ గదీ లేకపోయినా డాబా మీదికి మెట్లు కూడా పెట్టాడు. ఎక్కి ఏం చేస్తావని బక్కయ్య వాడంతా తిరిగి నవ్వాడు. ఎండాకాలం వచ్చింది. జాన్ పెళ్లాం పిల్లలతో ఆ మెట్లెక్కి చల్లగాలికి పడుకుంటుంటే, తన రేకుల కింద ఉడికిపోతూ బక్కయ్య నవ్వడం మానేశాడు.

జాన్‌కూ దప్పు వచ్చు. చర్చిలో క్రిస్మస్‌కు కొట్టి నేర్చుకున్న చెయ్యి. చాలాకాలం బక్కయ్య పక్కన రెండో దప్పుగా బుద్ధిగా కొట్టాడు. అంతవరకు లోకం సవ్యంగానే నడిచింది. తెలంగాణ కొట్లాట వచ్చి బక్కయ్య కొంప ముంచింది. ఊరూరా ఆటపాటల ధూంధాంలు మొదలయ్యాయి, కొత్త పాటలొచ్చాయి. జాన్ దప్పుతో గిరగిరా తిరగడం, మోకాళ్ల మీద కూర్చుని కొట్టడం, పైకెగరేసి పట్టుకోవడం మొదలుపెట్టాడు. జనం ఈలలు వేశారు. పెళ్లింట్లో చెప్పుల జత పోయినవాడిలా బక్కయ్య ముఖం పెట్టుకుని, “దప్పు కొడుతున్నడా, సర్కస్ చేస్తున్నడా?” అని కనబడ్డవాళ్లనల్లా అడిగాడు.

రెండువేల పది జనవరి అది. డిసెంబర్‌లో వస్తుందన్న తెలంగాణ వచ్చినట్టే వచ్చి వెనక్కి పోయింది. జనం ఉడికిపోతున్నారు. కోరుట్లలో, జగిత్యాలలో, సిరిసిల్లలో ఎక్కడ చూసినా టెంట్లు, రిలే దీక్షలు, రోడ్ల మీద వంటా వార్పులు. కోరుట్ల దాటాక గుట్ట కింద రాయనిగుట్ట అని ఒక చిన్న సంస్థానం ఉండేది. రాజులు పోయారు, మహల్ మిగిలింది. వారసులు ఎక్కడో దూరాన ఉంటారు. ఉద్యమానికి మా వంతు అని మహల్‌నూ దాని తోటనూ ఒక్కరోజు సభకు తెరిచి ఇచ్చారు. పగలంతా వంటా వార్పు, పొద్దు వాలాక ధూంధాం. కోనరావుపేట బృందానికి పిలుపొచ్చింది.

బృందాన్ని నడిపేది వీరేందర్. గీత కార్మికుల ఇంటి పిల్లవాడు, డిగ్రీ చదివాడు, గొంతు మంచిది. వేములవాడ దాటాక వ్యాన్‌లో మంచుగాలి కొడుతుంటే అందరూ దుప్పట్లు కప్పుకుని కూర్చున్నారు. అప్పుడు వీరేందర్ ఒక మాట అన్నాడు.

“అచ్చే వారం పట్నంల పెద్ద సభ ఉన్నది. స్టేజీ మీద జాగ తక్కువ. మన దిక్కు నుంచి ముందట ఒక్క దప్పే నిలవడ్తది. ఇయ్యాల రాయనిగుట్టల ఎవలి దప్పు మంచిగ మోగుతదో గాళ్లే ముందు దప్పు. ఇగ ఎప్పటికీ గంతే.”

బక్కయ్య దుప్పటి తీసేసి నిటారుగా కూర్చున్నాడు. ఉన్న ఒక్క జాగా, అదీ పోటీకి పెట్టారు.

“బావ ఉండంగ నేనెందుకు తమ్మీ, బావనే నిలవడనియ్యి,” అన్నాడు జాన్ నవ్వుతూ.

ఎవరైనా అయితే సంతోషించేవాళ్లు. బక్కయ్యకు ఒళ్లు మండిపోయింది. నాది నాకు ఇయ్యడానికి నువ్వెవడివి అనుకున్నాడు. పైకి మాత్రం, “ఎవలి దయ అద్దు. మోగినోళ్లే నిలవడుతరు,” అన్నాడు. ఆ మాటతో తన మెడకు తానే తాడు తగిలించుకున్నాడు.

వాళ్లు చేరేసరికి మంచు ఇంకా విడలేదు. మహల్ సగమే కనిపిస్తోంది, పై అంతస్తు తెల్లటి పొగలో ఉంది. ఏనుగు పట్టేంత దర్వాజా తీసి, కాపలా చూసే ముసలి నర్సన్న మఫ్లర్ చెవులకు చుట్టుకుని నిలబడ్డాడు. “సభ పొద్దుగూకినంకనే గద. గప్పటిదాక లోపల జూడుండ్రి, మల్ల తెరుస్తరో తెరువరో,” అని అందరినీ రమ్మన్నాడు.

అక్కడ ఒక ముచ్చట జరిగింది. దర్వాజా గడప కనబడగానే బక్కయ్య కాళ్లు వాటంతటవే ఆగాయి. చెప్పులు విడిచి, ఓ పక్కకు పెట్టి, కండువా భుజం మీంచి తీసి చేతిలో పట్టుకున్నాడు. ఆలోచించి చేసింది కాదు. చిన్నప్పుడు నాయిన వెంట దొరల గడీల ముందుకు దప్పు మోసుకుపోయిన ఒంటికి ఉన్న అలవాటు. తలెత్తి చూస్తే మిగతా బృందమంతా చెప్పులతో టకటకా లోపలికి పోతోంది.

“బావా, చెప్పులిడిసినవేంది?” జాన్ వెనక్కి తిరిగాడు. “రాజు సచ్చి మస్తేండ్లాయె. ఇంక ఎవలికి భయపడ్తున్నవు?”

అందరూ గొల్లుమన్నారు. బృందంతో వచ్చిన సాయమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది కానీ భుజాలు ఊగుతూనే ఉన్నాయి. బక్కయ్య ముఖంలో నెత్తురు చుక్క లేదు. వెనక్కి పోయి చెప్పులు తొడుక్కుంటే ఇంకోసారి నవ్వుతారు. “గచ్చు ఎంత చల్లగున్నదో సూద్దమని ఇడిసిన,” అని లోపలికి నడిచాడు. సూద్దామన్నవాడికి ఆ రాతి గచ్చు బాగా చూపించింది. నాలుగు గదులు తిరిగేసరికి వేళ్లు ఉన్నాయో ఊడిపోయాయో తెలియలేదు.

లోపల చూడటానికి చాలా ఉంది. గొలుసులకు వేలాడే గాజు దీపాలు, మనిషి నిలువునా కనబడే అద్దాలు, దర్బారు హాల్లో మోచేతులకు సింహాల తలలున్న కుర్చీ. వాడిపోయిన మఖ్మల్ పరుపున్న మంచం ఒకటి, దాని మీదికెక్కడానికి మళ్లీ చిన్న పీట. నర్సన్న ఒక్కోదాని కథ చెబుతున్నాడు. వేరే రోజైతే బక్కయ్య నోరు తెరుచుకుని వినేవాడు. ఈ రోజు మంచం చూసి, ఇంతమంది కాపలా మధ్య ఇంత మెత్తని పరుపు మీద పడుకున్నవాడికి బావలెవరూ ఉండి ఉండరు అనుకున్నాడు. అద్దంలో చూస్తే తాను నెరిసిన తలతో, వట్టి కాళ్లతో ఉన్నాడు. వెనక జాన్ ఉన్నాడు, ఒక్క వెంట్రుక నెరవలేదు. అద్దం కూడా వాడి పక్షమే.

మేడ మీద బయటి వరండాలో నగారా ఉంది. పొయ్యి మీద పెద్ద గంగాళమంత, దాని రాగికి పచ్చగా చిలుము పట్టింది. తోలు మాత్రం ఈ మధ్యే వేయించారట.

“రాజు బయలెల్లితే దీన్ని కొట్టేటోళ్లు,” అన్నాడు నర్సన్న. “నా చేతుల బలం లేదు. మీల పెద్ద దప్పు ఎవలిది? ఒక్క దెబ్బ కొట్టుండ్రి, ఇందం.”

పెద్ద దప్పు. బక్కయ్య అడుగు ముందుకు వేశాడు, చెయ్యి కూడా ఎత్తాడు. మొద్దుబారిన పాదం గచ్చు మీద జారి ఒక్క క్షణం తూలాడు. అంతలోనే బృందంలోని పిల్లలు “జానన్నా, జానన్నా” అని జాన్‌ను ముందుకు తోశారు. ఎత్తిన చేత్తో బక్కయ్య తల గోక్కున్నాడు.

జాన్ కొట్టాడు. దెబ్బ కాదది, మహల్ గొంతు సవరించుకున్నట్టుంది. చూరులోని పావురాలన్నీ ఒక్కసారి లేచాయి. కింద తోటలో వంట చేస్తున్నవాళ్లు గరిటెలు పట్టుకునే తలలెత్తారు. నర్సన్న కళ్లు తుడుచుకున్నాడు. సెల్‌ఫోన్లు బయటికొచ్చాయి, జాన్ నగారా పక్కన నిలబడి ఫొటోలు దిగాడు.

“బావా, నువ్వు గూడ ఒకటి కొట్టు.”

రెండో దెబ్బకు ఏ పావురం లేస్తుంది? “నాకద్దు,” అని బక్కయ్య మెట్లు దిగిపోయాడు.

కడుపులో నిప్పు, కాళ్లలో మంచు. ఆ రెండింటితో మహల్ చుట్టూ తిరిగి వెనక వైపుకు పోయాడు. అటు ఉత్తరం దిక్కు. చలికాలం కాబట్టి మహల్ నీడ అక్కడి నుంచి కదలదు. మిగతా తోటంతా ఎండెక్కినా ఆ గడ్డి తడి ఆరలేదు. వట్టి పాదాలకు చురుక్కుమంది. నిలబడి కిందికి చూసుకున్నాడు. గడ్డి చూశాడు, దాని మీది నీళ్లు చూశాడు. అటుపక్క ఎండలో గోడకు ఆనించిన దప్పులు గుర్తొచ్చాయి.

దప్పు తోలుకు చలి శత్రువు. మంచు తగిలితే సాగుతుంది, సాగితే మూగబోతుంది. అందుకే ఆటకు ముందు గడ్డి మంట వేసి కాపుతారు. తోలు ఊరికే చల్లబడితే సెగ తగలగానే లేస్తుంది. తడి లోపలికి దిగితే మాత్రం పైపైన మోగినట్టు మోగి, నాలుగు దెబ్బలకే మళ్లీ కూలబడుతుంది. బక్కయ్యకు ఇది తల్లి పాలంత పాత సంగతి.

జాన్ దప్పు తెచ్చాడు. తోలు కిందికి వచ్చేలా తడి గడ్డి మీద బోర్లించాడు. ఎవరైనా అడిగితే ఎండకు పగులుతుందని నీడన పెట్టానని చెప్పడానికి మాట కూడా తయారు చేసుకున్నాడు.

వచ్చింది సాయమ్మే, దప్పు వైపు చూడనే లేదు. చేతిలో ఆయన చెప్పులున్నాయి.

“కాళ్లు గడ్డ కడ్తున్నయి గదనే అన్నా,” అని వంగి చెప్పులు ఆయన పాదాల ముందు పెట్టింది. “నవ్విన్నని కోపమొచ్చిందా? ఏదో నవ్వొచ్చింది, నువ్వు మనసుల పెట్టుకోకు.”

బక్కయ్య చెప్పుల్లో కాళ్లు పెట్టాడు. చిన్నప్పుడు భుజాన ఎక్కించుకుని జాతర తిప్పిన చెల్లెలు. ఆమె అటు తిరగగానే దప్పు తీసి ఎండలో పెట్టేద్దామనుకున్నాడు. ఒట్టు, నిజంగానే అనుకున్నాడు.

“పైన మీ బావ నగారా కొట్టిండు, ఇన్నవా? నా గుండె ఝల్లుమన్నదనుకో!” అంది సాయమ్మ, ముఖం వెలిగిపోతూ.

దప్పు అక్కడే ఉండిపోయింది.

పొద్దు గుట్ట వెనక్కి దిగాక తీసి, కండువాతో తుడిచి మళ్లీ గోడకు ఆనించాడు. తోట నిండా జనం. కోరుట్ల నుంచి, జగిత్యాల నుంచి ట్రాక్టర్లలో వస్తూనే ఉన్నారు. బృందం స్టేజీ వెనక గడ్డి మంట వేసింది. జాన్ కాళ్లకు గజ్జెలు బిగించుకుని తన దప్పు తెచ్చి బక్కయ్య చేతిలో పెట్టాడు.

“బావా, నాది గూడ జర కాపు. సెగ సంగతి నీ చెయ్యికి తెలిసినట్టు నాకు తెల్వది.”

ఇంత నమ్మకం ఎవరు పెట్టమన్నారు వీణ్ని? బక్కయ్య రెండు దప్పులూ మంటకు కాచాడు. తన తోలు ఖంగుమనేదాకా కాచాడు. జాన్ తోలు మీంచి సన్నగా ఆవిరి లేచింది. ఇంకాసేపు పట్టుకుంటే లోపలి తడి కూడా ఆరిపోయేది. వీరేందర్ పిలిచాడు. పిలుపు రావడమే ఆలస్యం అన్నట్టు బక్కయ్య దాన్ని మంట మీంచి తీసేశాడు.

మొదటి పాట బాగానే సాగింది. రెండో పాట సగంలో జాన్ దప్పు గొంతు పడిపోయింది. తడిసిన అట్టపెట్టె మీద కొట్టినట్టు ధబ్, ధబ్. జాన్ బొటనవేలితో తోలు నొక్కి చూశాడు. తల తిప్పి బక్కయ్య వైపు ఒక్కసారి చూశాడు.

బక్కయ్య దరువు పెంచాడు. ఇప్పుడు మోగేది తనదొక్కటే. మహల్ గోడకు తగిలి తిరిగొచ్చేదీ తన దెబ్బే. సిగ్గుపడాల్సిన మనిషి ఆ నిమిషాన కోరుట్లకూ జగిత్యాలకూ మధ్య తనంత సుఖంగా ఎవరూ లేరనుకున్నాడు. వీరేందర్ కూడా పాడుతూ తల ఊపాడు. పట్నం స్టేజీ, ముందు జాగా, వెనక అందరూ. కళ్ల ముందు కనబడుతోంది.

అప్పుడు జాన్ దప్పు తీసి పక్కన పెట్టాడు. కండువా నడుముకు చుట్టి స్టేజీ మధ్యకు వచ్చాడు.

“కొట్టు బావా!” అని ఆడటం మొదలుపెట్టాడు.

ఏ చెయ్యీ ఖాళీ లేకుండా ఇన్నాళ్లూ దప్పు పట్టుకుని ఆడినవాడికి ఇప్పుడు రెండు చేతులూ దొరికాయి. గజ్జెలు ఘల్లుమన్నాయి. జనం లేచి నిలబడ్డారు. వీడిని అలసిపోయేలా చేయాలని బక్కయ్య దరువు ఉరికించాడు. జాన్ అందుకున్నాడు. తిప్పి కొట్టాడు, జాన్ తిరిగాడు. ఆపి కొట్టాడు, జాన్ గాలిలో ఆగినట్టు ఆగాడు. కసికొద్దీ కొట్టాడు, పళ్లు నూరి కొట్టాడు, పుట్టి బుద్ధెరిగిన నాటి నుంచి ఎన్నడూ కొట్టనంత బాగా కొట్టాడు. కొట్టే ప్రతి దెబ్బా పోయి జాన్ కాళ్ల కింద పూలై పడింది. చూసేవాళ్ల కళ్లన్నీ ఆ కాళ్ల మీదే. పాట అయిపోయాక జనం స్టేజీ ఎక్కి జాన్‌ను భుజాల మీదికి ఎత్తుకున్నారు. ఎవరో ఒకాయన దారికి అడ్డమున్నాడని బక్కయ్యను పక్కకు జరగమన్నాడు.

వీరేందర్ మైకులో అరిచాడు. “పట్నం సభల మన జానన్న ఆడ్తడు! బక్కన్న దప్పు కొడ్తడు! జై తెలంగాణ!”

ముందు దప్పు బక్కయ్యదే అయింది. కోరుకున్నది దక్కింది. దాని ముందర, అందరికీ కనబడేలా, జాన్ నిలబడి ఉంటాడు. అంతే తేడా.

వంటా వార్పులో మిగిలిన బువ్వ, పప్పు, వంకాయ కూర వడ్డిస్తుంటే బక్కయ్య విస్తరి పట్టుకుని జనానికి దూరంగా, ఆరిపోతున్న గడ్డి మంట దగ్గర కూర్చున్నాడు. కాసేపటికి జాన్ వచ్చి పక్కన కూలబడ్డాడు. ఒళ్లంతా చెమట, చలిలో ఆవిర్లు వస్తున్నాయి. రెండు ముద్దలు తిన్నాక మెల్లగా అన్నాడు.

“బావా, నా తోలుకు పచ్చ గడ్డిపోసలు అంటుకున్నయి.”

బక్కయ్య ముద్ద నోటి దాకా పోయి ఆగింది.

“ఎండల పెట్టిన దప్పుకు గడ్డెట్ల అంటుతది?” అన్నాడు జాన్. గొంతులో కోపం లేదు. ఉంటే బాగుండేది.

“వీరేందర్‌కు చెప్తవా?”

“చెప్తే నిన్ను తీసేస్తరు. నిన్ను తీసేస్తే నేనెవలి దెబ్బకు ఆడాలె?” జాన్ తన విస్తరిలోని వంకాయ ముక్క తీసి బక్కయ్య విస్తరిలో వేశాడు. “ఇయ్యాల కొట్టినట్టు నువ్వు నీ జన్మల కొట్టలే. సాయమ్మకు గూడ చెప్ప. నువ్వు తిను.”

బక్కయ్య ఆ ముక్కను విస్తరి అంచుకు జరిపాడు. తిడితే తిరిగి తిట్టేవాడు. కాలర్ పట్టుకుంటే తోసేసేవాడు. నలుగురిలో నిలబెడితే తల వంచుకుని, రేపటి నుంచి మళ్లీ హాయిగా కుళ్లుకునేవాడు. వీడు ఏ దారీ మిగల్చలేదు. ఇంత తప్పు చేసి కూడా బక్కయ్యకు ఆ నిమిషాన పశ్చాత్తాపం కంటే ముందు వచ్చింది అసూయే. తాను ఇంకో వెయ్యేళ్లు బతికినా ఇలాంటి మాట ఒకటి అనలేడని తెలిసిపోయింది. కళ్లలో నీళ్లు తిరిగాయి.

“నన్నొక్క దెబ్బన్న కొట్టు బావా,” అన్నాడు. “కొట్టు, జరంత నెమ్మదైతది.”

జాన్ నవ్వి, మోకాలి మీద చెయ్యి ఆనించి లేచాడు. నీళ్ల డ్రమ్ము దగ్గరికి పోయి రెండు గ్లాసుల్లో నీళ్లు తెచ్చాడు. నడకలో ఒకటి సగం ఒలికింది. నిండుగా ఉన్నది బక్కయ్య ముందు పెట్టాడు.